పాలన చదువు, సేవ చదువు: అనకాపల్లి నేపథ్యంలో తెగని చర్చ

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి 24 మండలాలతో అనకాపల్లి జిల్లా ఏర్పడింది. అంతకు రెండున్నరేళ్ల ముందే, 2019 అక్టోబరు 2న, రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. రాష్ట్రమంతటా సుమారు 15 వేల సచివాలయాలు, లక్షా పాతిక వేల మందికి పైగా కొత్త ఉద్యోగులు. చోడవరంలోనో చీడికాడలోనో డిగ్రీ చదివే యువతకు అంతవరకు ప్రభుత్వం అంటే మండల కేంద్రం, మహా అయితే విశాఖ కలెక్టరేట్. ఇప్పుడు అది ఊరి మధ్యకొచ్చి కూర్చుంది. సచివాలయంలో కార్యదర్శిగా, సంక్షేమ సహాయకురాలిగా, సర్వేయరుగా చేరినవాళ్లలో చాలామంది యువతే. ఆ ఉద్యోగానికి కావలసిన చదువు ఏది, అది మన కాలేజీలో దొరుకుతుందా అన్న ప్రశ్న అలా ఇంటింటికీ చేరింది.

సమాధానాలు మాత్రం ఒకదానికొకటి పొసగడం లేదు. పాలనాశాస్త్రం చదవాలని కొందరు, సోషల్ వర్క్ చదవాలని కొందరు అంటారు. రెండూ అక్కర్లేదు, ఆరు నెలల నైపుణ్య శిక్షణ చాలని ఇంకొందరు. సేవకు సర్టిఫికెట్ ఎందుకని మరికొందరు. వీళ్లలో చాలామంది మాట్లాడుతున్నది వేర్వేరు విషయాల గురించి. ఒకరు ఉద్యోగం గురించి, ఒకరు శాస్త్రం గురించి, ఒకరు మనిషి నడవడిక గురించి. అందుకే ముందుగా ఈ చదువులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

రెండు చదువులు, రెండు పుట్టుకలు

పాలనాశాస్త్రం విడి శాస్త్రంగా నిలబడటానికి మొదలు ఎక్కడంటే 1887లో ఉడ్రో విల్సన్ రాసిన వ్యాసాన్ని చూపించడం ఆనవాయితీ. రాజకీయం వేరు, పాలన వేరు, పాలనను విడిగా అధ్యయనం చేయవచ్చు అన్నది ఆయన వాదం. తర్వాతి తరాల పండితులు ఆ విభజనను చాలాసార్లు ఖండించారు. 1968లో అమెరికాలోని మిన్నోబ్రూక్‌లో డ్వైట్ వాల్డో ప్రోద్బలంతో కూడిన యువ పండితులు సామర్థ్యం ఒక్కటే చాలదని, పాలనకు సామాజిక న్యాయం కూడా కొలబద్ద కావాలని అన్నారు. భారతదేశంలో పాల్ ఆపిల్‌బీ 1953 నివేదిక తర్వాత 1954లో భారత ప్రజాపాలన సంస్థ ఢిల్లీలో వెలిసింది. 1987లో యూపీఎస్సీ ఈ శాస్త్రాన్ని సివిల్స్‌లో ప్రత్యేక ఐచ్ఛికంగా చేర్చింది. దానితో పాలనాశాస్త్రం కోచింగ్ సెంటర్ల శాస్త్రంగా కూడా మారింది. ఈ చరిత్రలో నిర్ణాయకమైన మలుపు ఇదే. ఆనాటి నుంచి విద్యార్థి ఈ సబ్జెక్టును ఊరిలోని దఫ్తరాన్ని అర్థం చేసుకోవడానికి కాకుండా, మార్కుల పట్టికలో తన స్థానం కోసం చదవడం మొదలుపెట్టాడు.

సోషల్ వర్క్ కథ వేరు. 1926లో బొంబాయి నాగపాడాలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ పేదవాడలో ఒక కేంద్రం నడిపాడు. ఆ అనుభవంలోంచి 1936లో సర్ దొరాబ్జీ టాటా సోషల్ వర్క్ పాఠశాల పుట్టింది. ఈనాటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అదే. అంటే ఈ చదువు వాడలో పుట్టి తర్వాత తరగతి గదిలోకి వెళ్లింది. అందుకే దానిలో క్షేత్ర పనికి పెద్దపీట. ఎం.ఎస్.డబ్ల్యు. విద్యార్థి సాధారణంగా వారంలో రెండు రోజులు ఆసుపత్రిలోనో వాడలోనో ఫ్యాక్టరీలోనో గడుపుతాడు. చూసింది రాస్తాడు. ఆ రాతను అధ్యాపకుడితో ఒంటరిగా కూర్చుని చర్చిస్తాడు. ఈ మూడో మెట్టు, అంటే అధ్యాపకుడితో చర్చ, ఈ వ్యాసంలో ముందు ముందు మళ్లీ వస్తుంది. 

ఒక విశేషం గమనించాలి. పాలనాశాస్త్రం పైనుంచి కిందికి దిగింది. సోషల్ వర్క్ కింది నుంచి పైకి ఎక్కింది. ఒకదానికి ఫైలు ప్రధానం, మరొకదానికి మనిషి. సచివాలయం కౌంటరు దగ్గర ఈ రెండూ ఒకే క్షణంలో ఎదురవుతాయి. కాలేజీలో మాత్రం ఇవి వేర్వేరు గదుల్లో, చాలాచోట్ల వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో ఉంటాయి.

తెలుగు నేల మీద కలిసిన దారులు

నిజానికి తెలుగువాళ్ల చరిత్రలో ఈ రెండూ విడిపోయి లేవు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. అంతకుముందు ఆమె ఆంధ్ర మహిళా సభ నడిపిన మనిషి. ప్రభుత్వ నిధిని స్వచ్ఛంద సంస్థల చేతికి ఎలా చేర్చాలి, లెక్క ఎలా అడగాలి అన్నది ఆ మండలి పని. అది అచ్చంగా పాలన, అచ్చంగా సేవ కూడా. తమిళనాడు నుంచి ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు వచ్చిన ఎస్.ఆర్. శంకరన్ సాంఘిక సంక్షేమ శాఖలో వెట్టి విముక్తి, వసతి గృహాలు, ప్రత్యేక నిధుల విషయంలో చేసిన పనిని చూస్తే పాలనాశాస్త్రం ఎక్కడ ముగిసి సేవ ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేం.

పంచాయతీరాజ్ కూడా ఇక్కడ తొందరగానే వచ్చింది. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకం మొదలయింది. 1959లో రాజస్థాన్ తర్వాత నెల తిరక్కుండానే, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను ప్రారంభించింది. గ్రామసేవకుల కోసం శిక్షణ కేంద్రాలు వెలిశాయి. సామర్లకోట విస్తరణ శిక్షణ కేంద్రం వాటిలో ఒకటి. అంటే పాలన, సేవ కలిపి నేర్పే బడులు మనకు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే ఉద్యోగం వచ్చాకే వాటిలోకి ప్రవేశం. డిగ్రీ విద్యార్థికి ఆ తలుపు మూసే ఉంటుంది.

ఇక ఉస్మానియా ఆచార్యుడు జి. రాంరెడ్డి. పాలనాశాస్త్రంలో, పంచాయతీరాజ్ అధ్యయనాల్లో పేరున్న పండితుడు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టి, 1985లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) తొలి ఉపకులపతి అయ్యారు. కాలేజీ గడప తొక్కలేని వాళ్లకు చదువు అందించాలన్న ఆలోచన పాలనాశాస్త్రం చదివిన మనిషి నుంచి రావడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఆ విశ్వవిద్యాలయం తెలుగులో అచ్చువేసిన పాలనాశాస్త్ర పుస్తకాలు, 1968లో స్థాపించిన తెలుగు అకాడమీ పుస్తకాలు రెండు తరాల గ్రూప్స్ అభ్యర్థుల చేతుల్లో నలిగాయి. రవీంద్రప్రసాద్, వి.ఎస్. ప్రసాద్, సత్యనారాయణ కలిసి తెచ్చిన 'అడ్మినిస్ట్రేటివ్ థింకర్స్' దేశమంతటా పాఠ్యగ్రంథమయింది. శాస్త్రానికి తెలుగువాళ్లు ఇచ్చింది తక్కువేం కాదు.

కమ్యూనిటీ కాలేజీ అనే పాయ

అమెరికాలో 1901లో జోలియట్ జూనియర్ కాలేజీ మొదలయింది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో కమ్యూనిటీ కాలేజీ అన్న పేరుకు ప్రాచుర్యం తెచ్చింది. ఇంటికి దగ్గర, తక్కువ ఫీజు, రెండేళ్ల చదువు, స్థానిక ఉద్యోగం లేదా పెద్ద విశ్వవిద్యాలయానికి దారి: దాని నాలుగు గుర్తులు ఇవి. భారతదేశంలో ఈ నమూనా 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత చెన్నైలో మొదలయింది. ఇగ్నో 2009లో, యూజీసీ 2012-13 ప్రాంతంలో పథకాలు తెచ్చాయి. 2014లో బి.వొకేషనల్ డిగ్రీ వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ అని మెట్లు కట్టింది. దానితో ఏ డిగ్రీ కాలేజీ అయినా సూత్రప్రాయంగా కమ్యూనిటీ కాలేజీ పని చేయవచ్చు.

అనకాపల్లిలో ఆ పేరు జనం నోట వినిపించదు. కానీ ఆ వస్తువు కొత్తది కాదు. దేశంలో పేరున్న బెల్లం మార్కెట్ ఊరిది. ఆ ఊరి వర్తక సంఘం పేరును ఏ.ఎం.ఏ.ఎల్. కళాశాల ఈనాటికీ తన పేరులో మోస్తోంది. ఊరి సంపాదనలోంచి ఊరి పిల్లల కోసం కాలేజీ నిలబెట్టిన సంప్రదాయం కోస్తా అంతటా ఉంది. తేడా ఎక్కడంటే, అమెరికా నమూనాలో స్థానిక అవసరాన్ని బట్టి పాఠం మారుతుంది. ఇక్కడ కాలేజీ ఊరిది, పాఠం విశ్వవిద్యాలయానిది, విధానం ఉన్నత విద్యామండలిది. మునగపాక మండల పరిషత్తు బడ్జెట్‌ను పాఠంగా చెప్పాలని అధ్యాపకుడు అనుకున్నా సిలబస్‌లో దానికి చోటు వెతుక్కోవాలి.

వాదాల మధ్య

చర్చలో వినిపించే గొంతుల్లో మొదటిది, అన్నిటికన్నా బలమైనది, పోటీ పరీక్షల గొంతు. గ్రూప్-1 మెయిన్స్‌లో రాజ్యాంగం, పాలన, నైతికతలపై ఒక పేపరు ఉంది గనుక పాలనాశాస్త్రం పనికొస్తుందని వీళ్ల మాట. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. భూమి లేని ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి సర్కారు కొలువు అంటే ఒక తరం దాటడమే. కానీ ఈ వాదంలోనే దాని బలహీనతా ఉంది. 2019 సెప్టెంబరులో జరిగిన సచివాలయ రాత పరీక్షలకు 20 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. పంచాయతీ కార్యదర్శి పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోయింది. బీటెక్ చదివిన వాళ్లు పెద్ద సంఖ్యలో పోటీ పడ్డారు. పాలన చదివినవాడికి పాలన ఉద్యోగంలో ప్రత్యేక ఆదరణ లేనప్పుడు ఆ సబ్జెక్టు ఎందుకు తీసుకోవాలన్న ప్రశ్నకు ఈ శిబిరం నుంచి గట్టి జవాబు రాదు.

రెండో గొంతు వృత్తివాదులది. వైద్యుడికి, న్యాయవాదికి మండలి ఉన్నట్టే సామాజిక కార్యకర్తకూ చట్టబద్ధమైన మండలి ఉండాలన్నది వీళ్ల కోరిక. సోషల్ వర్క్ అసలు వృత్తేనా అని 1915లోనే అమెరికాలో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ప్రశ్నించాడు. ఆ ప్రశ్న నూరేళ్ల తర్వాత ఇక్కడా సజీవమే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వైద్య, మానసిక ఆరోగ్య రంగాల్లోని సామాజిక కార్యకర్తలను గుర్తించింది. తక్కిన వాళ్లకు దేశవ్యాప్త మండలి ఇంకా లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమ అధికారి ఉండాలంది. 2015 బాలల న్యాయ చట్టం కింద జిల్లా బాలల రక్షణ విభాగాల్లో సామాజిక కార్యకర్తలుంటారు. ఉద్యోగాలు లేవనలేం. అయితే వీటిలో చాలావాటికి పీజీ కావాలి, లేదా ఒప్పంద ప్రాతిపదికన తక్కువ జీతం. డిగ్రీతో ఆగిపోయే విద్యార్థికి ఇక్కడ స్పష్టమైన మెట్టు కనిపించదు.

సేవావాదులు దీనికి పూర్తిగా ఎదురు నిలుస్తారు. వీళ్లకు ఉదాహరణ వెతకడానికి జిల్లా దాటక్కర్లేదు. రాంబిల్లి మండలం దిమిలికి చెందిన డాక్టర్ బి.వి. పరమేశ్వరరావు అమెరికాలో అణుశాస్త్ర సంబంధమైన పరిశోధన చేసి సొంతూరు తిరిగొచ్చారు. గ్రామస్థుల తోడ్పాటుతో ఊళ్లో ఉన్నత పాఠశాల కోసం పూనుకున్నారు. 1976లో భాగవతుల చారిటబుల్ ట్రస్టు స్థాపించారు. యలమంచిలి చుట్టుపక్కల చదువు, మహిళల పొదుపు, బంజరు భూముల్లో చెట్ల పెంపకం, వ్యవసాయ విస్తరణ వంటి పనులతో ఆ సంస్థ ఎదిగింది. ఆయన సోషల్ వర్క్ పట్టా తీసుకోలేదు కదా, పాలనాశాస్త్రం చదవలేదు కదా అంటారు సేవావాదులు. నిజమే. అయితే ఆ ఉదాహరణ వాళ్ల వాదాన్ని ఎంత బలపరుస్తుందో అంత పరీక్షకూ పెడుతుంది. పరిశోధకుడిగా అలవడిన క్రమశిక్షణ, ఒకేచోట దశాబ్దాలు నిలబడిన ఓపిక, కార్యకర్తలకు తన పక్కనే ఉంచుకుని పని నేర్పిన తీరు చూస్తే, అది చదువు అక్కర్లేదని చెప్పే కథలా లేదు. పట్టా లేని చదువు కూడా చదువే అని చెప్పే కథ.

నైపుణ్యవాదుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దరఖాస్తు అప్‌లోడ్ చేయడం, ఈకేవైసీ పూర్తిచేయడం, పొదుపు సంఘం పుస్తకాలు రాయడం నేర్పితే పని దొరుకుతుందన్న వాళ్ల మాట నేటికి సరైనదే. కానీ 2025 జనవరిలో 'మన మిత్ర' వాట్సాప్ సేవలు వచ్చాక కౌంటరులోని కొంత పని ఫోనులోకి వెళ్లింది. తెర మీద మీట నొక్కడమే నైపుణ్యమైతే ఆ నైపుణ్యానికి ఆయుష్షు తక్కువ.

హక్కులవాదులది చివరి గొంతు. ప్రజలు లబ్ధిదారులు కారు, హక్కుదారులు అన్నది వాళ్ల మొదటి పాఠం. దీనికి మన రాష్ట్రంలోనే గొప్ప ప్రయోగం జరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలయింది. ఆ ఏడాదే సామాజిక తనిఖీలు మొదలుపెట్టి, 2009లో వాటికోసం విడిగా ఒక స్వతంత్ర సొసైటీని ఏర్పాటు చేశారు. కూలీల ఇళ్ల నుంచే వచ్చిన యువతీయువకులకు మస్టరు చదవడం నేర్పారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, రికార్డులో ఉన్న రోజుల్నీ మనిషి చెప్పిన రోజుల్నీ సరిపోల్చి, చివరికి బహిరంగ సభలో అందరి ముందూ చదివి వినిపించారు. పాలన, సేవ, హక్కు మూడూ కలిసిన చదువు అది. పట్టా ఇవ్వలేదు గానీ దానికి సాటివచ్చే పాఠ్యక్రమం మన డిగ్రీ కాలేజీల్లో నేటికీ రాలేదు.

ఆగిపోయిన పింఛను దగ్గర

ఈ వాదాలను ఎదురెదురుగా నిలబెట్టి చూడటానికి ఒక సమస్య తీసుకుందాం. కొన్నేళ్ల కిందట ఆంధ్రప్రదేశ్‌లో పథకాల అర్హతకు ఆరు అంచెల వడపోత పెట్టారు. ఆదాయం, భూమి, నాలుగు చక్రాల వాహనం, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం వంటివి చూసేవారు. ఒక ముసలమ్మ ఆధార్‌కు వేరెవరి మీటరో ముడిపడిందనుకుందాం. ఆమె పింఛను ఆగుతుంది.

పాలనాశాస్త్ర విద్యార్థికి ఆ నిబంధన ఏ ఉత్తర్వులో ఉందో, అప్పీలు ఎవరికి చేయాలో, ఎంపీడీవో అధికారం ఎంతవరకో తెలియాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే అది ఏ శాఖకు వెళుతుందో తెలియాలి. సోషల్ వర్క్ విద్యార్థి ఆమె ఎవరితో ఉంటోంది, ఈ నెల మందులు ఎలా కొనుక్కుంది, కొడుకు ఇంట్లో ఆమె మాట చెల్లుతుందా అని కనుక్కుంటాడు. నైపుణ్యం నేర్చినవాడు విద్యుత్ సంస్థ రికార్డులో ఆ ముడి విప్పించే పద్ధతి ఇరవై నిమిషాల్లో చెప్పగలడు. మొదటి ఇద్దరికీ అది చేతకాకపోవచ్చు. సేవాభావం ఉన్నవాడు ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళతాడు. హక్కుల పాఠం చదివినవాడు మాత్రం, ఆ మీటరు తప్పు ముడిపడింది ఈమె ఒక్కరికేనా, ఊళ్లో ఇంకెంతమందికి అని జాబితా అడుగుతాడు. కుటుంబాన్నంతా ఒకే యూనిట్‌గా చూసి ముసలితనానికిచ్చే భరోసాను కొడుకు కరెంటు బిల్లుతో ముడిపెట్టడం న్యాయమా అనీ అడుగుతాడు.

ఇందులో ఏ ఒక్కటీ రెండోదానికి బదులు కాదు. ఆ ముసలమ్మకు ఐదూ కావాలి. ఆమె ఎదురుగా ఉండేది మాత్రం ఒకే ఒక్క సంక్షేమ సహాయకురాలు. చదువుల మధ్య గోడల వల్ల నష్టం ఎవరికో ఇక్కడ తెలుస్తుంది.

180 గంటలు

ఈ గోడలు దాటే ప్రయత్నం ఒకటి జరిగింది. దాని గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. అందులో మొదటి ఏడాది తర్వాత వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, 180 గంటలు. విద్యార్థి ఒక ఊరిని ఎంచుకుని ఇంటింటి సర్వే చేయాలి, ఒక సమస్య మీద అవగాహన కల్పించాలి, లాగ్‌బుక్ రాయాలి, నివేదిక ఇవ్వాలి. బీకాం, బీఎస్సీ విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది.

1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైనప్పుడు లక్ష్యం వ్యక్తిత్వ వికాసం. అందులో చేరడం ఇష్టాన్ని బట్టి. రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల శిబిరం. కొత్త ప్రాజెక్టు ఆ ఇష్టాన్ని నిబంధనగా మార్చి, దానికి క్రెడిట్లు ఇచ్చింది. ఉద్దేశంలో ఇది చాలా పెద్ద అడుగు. ప్రతి డిగ్రీ విద్యార్థీ జీవితంలో ఒక్కసారైనా తన పక్క ఊరి రేషను కార్డుల లెక్క చూడాలన్న ఆలోచన గౌరవించదగ్గది.

మరి లోపం ఎక్కడ? నివేదికలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తున్నారన్న ఫిర్యాదు అధ్యాపకుల నోటే వినిపిస్తుంది. దానికి విద్యార్థిని తిట్టి లాభం లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో, ఎవరూ వెంట రాకుండా, ప్రశ్నావళి చేతికిచ్చి పంపితే జరిగేది అదే. ఒక్కో అధ్యాపకుడి కింద పదుల సంఖ్యలో విద్యార్థులుంటే, ఆయన సబ్జెక్టు రసాయనశాస్త్రమైతే, క్షేత్రంలో ఏం చూడాలో ఆయన మాత్రం ఏం చెప్పగలడు? సోషల్ వర్క్ చదువులో గంటల కన్నా విలువైనది ఆ గంటల మీద జరిగే చర్చ అన్నది తొలి నుంచీ తెలిసిన సత్యం. మనం గంటలు తీసుకున్నాం, చర్చ వదిలేశాం. అమ్మాయిలు ఎండలో ఏ ఊరికి ఎలా వెళ్లాలి, బస్సు చార్జీ ఎవరు పెట్టుకోవాలి అన్న మామూలు ప్రశ్నలకు కూడా పూచీ తీసుకునేవాళ్లు కావాలి.

2023-24లో వచ్చిన ఏకమేజర్ విధానం ఇంకో చిక్కు తెచ్చింది. అంతకుముందు బీఏలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి లేదా పాలన అని మూడు కలిపి చదివేవారు. ఆ కలయికలోనే కొంత విశాలత ఉండేది. ఈ విధానంలో ఒకటి మేజరు, ఒకటి మైనరు. చేరేవాళ్లు తక్కువైతే ఆ మేజరు నడవదు. ఉద్యోగ హామీ లేని పాలనాశాస్త్రం, సోషల్ వర్క్ లాంటి సబ్జెక్టులు ముందుగా దెబ్బతినేవి చిన్న పట్టణాల్లోనే. దానికి ముందు 2021-22 నుంచి డిగ్రీ బోధనంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. సైన్సులో దానికి చెప్పే కారణాలు ఏవైనా, ఈ రెండు చదువుల విషయంలో అది సూటిగా దెబ్బ. సర్వేలో జనం మాట్లాడేది ఉత్తరాంధ్ర తెలుగు. నివేదిక రాయాల్సింది ఇంగ్లీషులో. మనిషి చెప్పిన మాట, విద్యార్థి రాసిన మాట మధ్య ఎంతో జారిపోతుంది. ఈ మార్పును వెనక్కి తీసుకోకపోయినా, క్షేత్ర నివేదికలను తెలుగులో రాయనివ్వడం అత్యవసరం.

ఈ జిల్లాకే చెందిన పాఠాలు

పాలన, సేవ చదువుకు అనకాపల్లి కన్నా మంచి ప్రయోగశాల దొరకదు. పట్టణ మున్సిపాలిటీని 2013లో మహావిశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. తొమ్మిదేళ్ల తర్వాత పట్టణం వేరే జిల్లాకు కేంద్రమయింది, నగరపాలన మాత్రం విశాఖ సంస్థ చేతిలోనే ఉంది. ఇంటి పన్ను కట్టేది ఒక వ్యవస్థకు, కలెక్టరు ఉండేది మరో వ్యవస్థలో. పట్టణ పాలక సంస్థల గురించిన 74వ రాజ్యాంగ సవరణ పాఠం చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

పడమటి మండలాలకు వెళితే రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం, మాడుగుల కొండల్లో గిరిజన ఆవాసాలున్నాయి. అవి రాజ్యాంగం ఐదో షెడ్యూలు పరిధిలో లేవు. 2022 విభజనలో పాడేరు ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాక ఈ నాన్ షెడ్యూల్డ్ ఊళ్లు మరింత అంచుకు చేరాయి. రోడ్డు లేక రోగులను డోలీలో మోసుకొచ్చిన వార్తలు అక్కడివే. ఇక తూర్పున అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మాసిటీ. వేలమంది మహిళలు పనిచేసే దుస్తుల పరిశ్రమ ఒకవైపు, 2024 ఆగస్టు 21న 17 మందిని పొట్టనపెట్టుకున్న ఔషధ పరిశ్రమ ప్రమాదం మరోవైపు. కార్మిక సంక్షేమ అధికారి అన్న చట్టబద్ధమైన ఉద్యోగానికి, కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు, పరిశ్రమల తనిఖీకి చదువుకున్న స్థానికులు కావలసింది ఇక్కడే.

ఇంకా తేలని సంగతులు

సచివాలయ నియామకాల్లో పాలన, సోషల్ వర్క్ చదివిన వాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలా వద్దా అన్నది తేలలేదు. ఇస్తే సబ్జెక్టు బతుకుతుంది, కానీ బీఎస్సీ చదివిన పేద విద్యార్థికి తలుపు మూసుకుంటుంది. ఉద్యోగంలో చేరాక ఇచ్చే శిక్షణను డిగ్రీలోకి తెస్తే ఈ పేచీ కొంత తగ్గవచ్చు. ఉదాహరణకు సామర్లకోట శిక్షకులు కాలేజీకి వచ్చి ఒక సెమిస్టరు చెప్పినా, అనుభవమున్న పంచాయతీ కార్యదర్శి క్షేత్ర పర్యవేక్షకుడిగా నిలిచినా సరే. దానికి ఖర్చు పెట్టేది ఉన్నత విద్యాశాఖా, పంచాయతీరాజ్ శాఖా అన్నది మళ్లీ చిక్కే.

విద్యార్థులు సేకరిస్తున్న ఇంటింటి సమాచారం ఎవరిదన్న ప్రశ్న ఇంకా పెద్దది. 2019లో మొదలైన వలంటీర్ల వ్యవస్థ 2024 తర్వాత కొనసాగలేదు గానీ, ఇంటి సమాచారం ఎవరి దగ్గర ఉంది అన్న గొడవ దాని చుట్టూ గట్టిగానే నడిచింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఒకరి అప్పు, జబ్బు, కులం వివరాలు రాసుకున్న కాగితం కాలేజీ స్టోరు గదిలో ఉండటం సరైనదేనా? సమ్మతి అడగడం ఎలాగో ఆ విద్యార్థికి నేర్పే పాఠం ఏ పేపర్లో ఉంది?

సామాజిక తనిఖీలో కనుగొన్నది ఊరి ముందు చదివేవారు. సర్వీస్ ప్రాజెక్టు నివేదిక మాత్రం మార్కులు పడ్డాక అటకెక్కుతోంది. దాన్ని గ్రామసభలో చదివి వినిపించాలన్న నిబంధన ఒక్కటి పెడితే నివేదికల నాణ్యత మారుతుందని గట్టిగా నమ్మవచ్చు, ఎందుకంటే తప్పు రాస్తే ఊరే దిద్దుతుంది. అయితే అక్కడే అసలు కష్టం మొదలవుతుంది. విద్యార్థి కనుగొన్న సంగతి సర్పంచికో డీలరుకో నచ్చకపోతే అతని వెనుక ఎవరు నిలబడతారు? తనిఖీ బృందాలకు ఈ భయం ఉండకూడదనే ప్రభుత్వం వాటికి విడిగా ఒక స్వతంత్ర సొసైటీని ఏర్పాటు చేసింది. డిగ్రీ కాలేజీకి, అక్కడి అధ్యాపకుడికి, ఆ పిల్లలకు అలాంటి అండ ఇంకా ఎవరూ ఇవ్వలేదు.